రెండు సీట్ల బండి

"మీ మామయ్యని అడుగమ్మా, ఆ చెక్క తనంతట తనే నడిచొచ్చి బల్ల మీద పడుకుందా అని."

అనౌన్సరమ్మ గొంతు పెంచలేదు. ఆ గొంతుకి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. రైల్వే స్టేషన్లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి ప్రయాణాలూ ఆ గొంతులోంచే బయలుదేరాయి. మెల్లగా పలికినా చివరి ప్లాట్‌ఫారం దాకా వినపడేది. ఇప్పుడు షెడ్డులో, ఇంత దగ్గరగా వింటుంటే, ఆ మెల్లదనమే కోడలికి భయంగా ఉంది.

కోడలు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఒక పక్క అత్తగారు. ఇంకో పక్క, పని బల్ల దగ్గర, మామగారు. మధ్యలో ఆకుపచ్చ బండి, గుడ్డ టాపు వెనక్కి మడిచి ఉంది. స్టీరింగు ముందు నిన్నటిదాకా ఉన్న చెక్క డ్యాష్‌బోర్డు లేదు. దాని చోట ఒక నల్లటి గొయ్యి, అందులోంచి వేలాడుతున్న వైర్లు. ముందుపళ్ళు ఊడిన మనిషి నవ్వినట్టుంది.

"అడగక్కర్లేదని చెప్పమ్మా మీ అత్తయ్యకి," అన్నాడు పాలిష్ మేస్త్రి తల ఎత్తకుండా. "నేనే ఊడదీశాను. నేనే గీకాను."

"గీకడం కూడా అయిపోయిందా?"

అది నేరుగా వచ్చిన ప్రశ్న. మేస్త్రి మాత్రం దాన్ని అందుకోలేదు. మామూలు దారిలోనే రావాలన్నట్టు కోడలి వైపు చూశాడు.

"అయిపోయిందా మామయ్యా?" అంది కోడలు.

"అయింది. పాత వార్నిషంతా వచ్చేసింది."

"అయిపోయిందిట అత్తయ్యా."

"విన్నాను. నాకింకా చెవుడు రాలేదు. ఆ అదృష్టం కూడా లేదు."

బండి ఇంటికొచ్చిన రోజు నుంచీ ఇదే వరస. ఆరోజు మేస్త్రి అడిగింది ఒక్కటే మాట. "రెండే సీట్లా? రెండోది ఎవరికి?" అన్నాడు గేటు దగ్గర నిలబడి, తనకి చెప్పకుండా కొన్నదన్న ఉక్రోషంలో, వీధంతా వింటుండగా. ఆవిడ బండి దిగకుండానే, "అడగని వాళ్ళకి," అంది. "అయితే నేనందులో కాలు పెడితే ఒట్టు," అన్నాడాయన. అంతే. ఒకే మంచం, ఒకే భోజనాల బల్ల. మాటలు మాత్రం వేరు కాపురం పెట్టాయి.

కోడలు మందుల షాపులో పని చేస్తుంది. ఏ ఘాటు మందుని ఎంత నీళ్ళలో కలపాలో ఆమెకి తెలుసు. అత్తగారి మాటలు మామగారికీ, మామగారివి అత్తగారికీ అలాగే కలిపి అందిస్తోంది. ఆ బండికి ఆమె పెట్టుకున్న పేరు ఆడపడుచు. "నాకు ఆడపడుచు లేని లోటు తీరింది," అని షాపులో నవ్వుతూ చెప్పేది. "పని ముట్టదు, ఎండకి ఓర్వదు, వచ్చినవాళ్ళందరూ ముందు దాన్నే పలకరిస్తారు."

ఇవాళ మాత్రం ఆమెకి నవ్వు రావడం లేదు.

"ఎందుకు చేశారు మామయ్యా? మధ్యాహ్నం ఇన్సూరెన్స్ సర్వేయరు వస్తాడని మీకు తెలుసు కదా."

"తెలిసే చేశాను." మేస్త్రి మెత్తని గుడ్డతో చెక్క మీది పొడి తుడిచాడు. "ఫొటో తీస్తారంటే మనం ముఖం కడుక్కోమా? ఆ వార్నిషు చూశావా నువ్వు? పాలు విరిగినట్టు తెల్లబారిపోయింది. సన్న సన్న పగుళ్ళు. కింద ఇంత అందమైన చెక్క పెట్టుకుని పైన ఆ దరిద్రం ఏంటి? ఇటు రా, చూడు."

చూస్తే నిజమే. బల్ల మీద చెక్క పచ్చిగా, తేనె రంగులో మెరుస్తోంది. దాని మీది నారలు, గాలికి వంగిన గడ్డిలా ఒక పక్కకి వాలి, చివర్లో చిన్న సుడి తిరిగాయి. మేస్త్రి అరచేయి దాని మీద అలా ఉంచాడు. ఆ చేతులు ఎన్ని ఇళ్ళ బీరువాలని, ఎన్ని మంచాలని మళ్ళీ కొత్త చేశాయో. పగిలిన పాలిష్ కంటబడితే ఆయనకి అన్నం సహించదు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు బల్ల అంచు తడిమి చూసే మనిషి.

"పొద్దున్నే మొదటి పూత వేద్దామనుకున్నాను," అన్నాడు. "ముసురు పట్టింది. ఈ తేమలో వేస్తే మళ్ళీ తెల్లబారుతుంది. ఆగాను." కాసేపటికి, ఇంకా మెల్లగా, "మీ అత్తయ్య చూసేసరికి పూర్తవుతుందనుకున్నాను," అన్నాడు.

అప్పుడర్థమైంది కోడలికి. ఇది పోట్లాటలో భాగం కాదు. ఇది రాజీకి వచ్చిన మనిషి పట్టుకొచ్చిన కానుక.

అత్తగారికీ అర్థమైందేమో. ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "ఆ పగుళ్ళకే విలువ కట్టేదని చెప్పు."

"అంటే?"

"మామూలు బండైతే ఏటేటా విలువ పడిపోతుంది. ఇలాంటి పాత స్పోర్ట్స్ బండికి అలా కాదు. కంపెనీవాళ్ళూ మనమూ ముందే కూర్చుని ఇంత అని ఒప్పుకుంటాం. రేపేదైనా అయితే బేరమాడకుండా అదే ఇస్తారు. కానీ బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. ముసలిదైతే ముసలిదానిలాగే."

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఈ సంగతి నాతో ఎవరూ అనలేదే."

"మాట్లాడే మనిషికైతే అనేదాన్నని చెప్పు."

కోడలు ఆ మాటని అందించలేదు. కొన్ని మందులు కలపడానికి ఎన్ని నీళ్ళూ చాలవు.

షెడ్డు రేకుల మీద జల్లు పడి ఆగిపోయింది. ఇన్సూరెన్స్ రాకపోతే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. బండి ఇంకా పాత యజమాని పశువుల డాక్టరు గారి పేరు మీదే ఉంది. ఆయనకి చూపు తగ్గిపోయింది, అందుకే అమ్ముతున్నాడు. పాత బండ్లని అద్దాల హాల్లో వరసగా నిలబెట్టుకునే ఒకాయన అదే బండి కోసం కాచుకుని ఉన్నాడు. అనౌన్సరమ్మ నడుపుతానంది కాబట్టి డాక్టరు గారు మొగ్గు ఇటే. అయితే సరైన ఇన్సూరెన్స్ లేకుండా కాగితాల మీద సంతకం పెట్టనన్నాడు. "నా బండిని గొడుగు లేకుండా వానలోకి పంపను," అన్నాడు. ఇవాళ సాయంత్రం దాకా ఆగుతానని ఈవిడతో, అప్పటికీ కుదరకపోతే రేపు పొద్దున్న లారీ పంపుకోమని ఆ హాలాయనతో చెప్పేశాడు.

ఇంటికి వచ్చిన వస్తువు తిరిగి వెళ్ళిపోవడం అంటే కోడలికి సహించదు. వచ్చేటప్పుడు ఎవరూ సరిగ్గా చూసుకోరు. పోయేటప్పుడే అందరూ గుమ్మంలోకి వస్తారు.

*

సర్వేయరు భారీ మనిషి. షెడ్డులోకి రాగానే మాట్లాడ్డం మర్చిపోయాడు.

బండి చుట్టూ ఒకసారి నడిచాడు. పొడవాటి ముక్కు, గుండ్రటి దీపాలు, నడుము దగ్గర సన్నబడి వెనక మళ్ళీ ఉబ్బిన ఒళ్ళు. ఎక్కడా ఒక్క కోణం లేదు. నీళ్ళలో చాలాకాలం దొర్లిన రాయిలా, ఎటు చూసినా చూపు జారిపోతుంది. దాని రంగు కూడా ఒక్కటి కాదు. నీడలో నాచులా, గుమ్మం దగ్గర వెలుతురులో లేత చిగురులా.

"ఎంతసేపు చూసినా ఇంకాస్త మిగులుతుందండీ వీటిలో," అన్నాడు చివరికి. ఎవరితోనూ కాదు.

తరవాత గోనెపట్టా పరుచుకుని, మూలుగుతూ, బండి కింద దూరాడు. బయట కాళ్ళు మాత్రం మిగిలాయి. లోపల్నుంచి టార్చి వెలుగు, మెచ్చుకోలు కలిసి వస్తున్నాయి.

"తుప్పన్నది లేదు. డాక్టరు గారు పశువుల్ని ఎలా చూసేవారో గానీ దీన్ని మాత్రం కన్నబిడ్డలా చూశారు. నా మోకాళ్ళకంటే దీని కీళ్ళే నయం. అమ్మా, కొంచెం చెయ్యందిస్తారా?"

కోడలూ అత్తగారూ కలిసి ఆయన్ని బయటికి లాగారు. మేస్త్రి బల్ల దగ్గర్నుంచి కదలలేదు. చెక్క మీద ఒక పాత తువ్వాలు కప్పి, దాని ముందు నిలబడ్డాడు.

సర్వేయరు చేతిలో అట్ట, దానిమీద కాగితం. "బండి రాత్రిళ్ళు ఎక్కడుంటుంది?"

"ఇక్కడే. తాళం వేస్తాం," అంది అనౌన్సరమ్మ.

"రోజూ పనికి వాడతారా?"

"నాకిప్పుడు పని లేదు. రిటైరయ్యాను."

"మరి దేనికి వాడతారు?"

ఆవిడ తడబడింది. ఇన్నాళ్ళూ వీధిలో అందరూ అడిగింది ఇదే. ఈ వయసులో దేనికమ్మా, గుడికా, బడికా, అని. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

"దేనికీ కాదు," అంది. "నాకు బాగుంటుంది. అంతే."

సర్వేయరు మాత్రం తల ఊపి, కాగితం మీద టిక్కు పెట్టాడు. "సరదాకి. మా దగ్గర దానికో గడి ఉందండీ. మిగతావన్నీ కొట్టేసి అదొక్కటే నింపేవాళ్ళు తక్కువ."

అనౌన్సరమ్మ మొహం చిన్నపిల్లలా విప్పారింది. తన సంతోషానికి ఒక కంపెనీవాళ్ళు చోటు ఉంచారని ఆవిడ ఊహించలేదు.

తరవాత ఆయన బండి తలుపు తెరిచాడు. గొయ్యి చూశాడు.

"ఇక్కడి చెక్క?"

అత్తగారు బండి చక్రం వైపు చూస్తోంది. నింద వేయాలంటే ఇదే అదను. వేయలేదు.

మేస్త్రి తువ్వాలు తీశాడు. "నేనే తప్పు చేశానండీ. బాగుచేద్దామని పాత వార్నిషు గీకేశాను. ఆవిడకి తెలీదు."

సర్వేయరు చెక్కని రెండు చేతులతో ఎత్తి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పాడు. "అబ్బ," అన్నాడు. "పని చాలా నాణ్యంగా చేశారు. ఇంత శుభ్రంగా చెయ్యకుండా ఉంటే బాగుండేది."

"అంటే?"

"పాత గుర్తు ఒక్కటీ మిగల్లేదు కదండీ. కొత్త చెక్క వేయించి, పాతదే అని చెప్పేవాళ్ళు మాకు చాలామంది తగులుతారు. మిమ్మల్ని చూస్తే తెలుస్తోంది, మీరు ఆ బాపతు కాదని. కానీ నా పై ఆఫీసరు మిమ్మల్ని చూడడు. నా కాగితం చూస్తాడు."

"అయితే పాలసీ రానట్టేనా?" అంది కోడలు.

సర్వేయరు చెక్కని మళ్ళీ బల్ల మీద పెట్టాడు. పెట్టాక కూడా కాసేపు చెయ్యి తియ్యలేదు. "పాత యజమాని ఇది తన బండిదే అని చెప్తే నేను రాసుకోవచ్చు. విలువ కొంచెం తగ్గుతుంది. పాలసీ మాత్రం వస్తుంది."

అనౌన్సరమ్మ వెంటనే ఫోన్ చేసింది. డాక్టరు గారి గొంతు స్పీకర్లో గరగరమంది. సంగతంతా విన్నాడు.

"నాకు కళ్ళు సరిగా ఆనవని తెలుసు కదమ్మా. తీసుకురండి. చేత్తో చూస్తాను." ఆగి, "ఊడదీసినాయన్ని కూడా తీసుకురండి. ఆ చేతుల్ని కూడా చూస్తాను," అన్నాడు.

సర్వేయరు ఇంకో కాగితం తీశాడు. "ఈ ఒక్కరోజుకి రోడ్డు మీద తిరగడానికి తాత్కాలిక ఇన్సూరెన్స్ రాసిస్తాను. ఒక్క మాట, మేడమ్. స్టీరింగు మీద మీ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడకూడదు. పడితే ఇదీ చెల్లదు, ఆ పెద్ద పాలసీ సంగతి నేనిక ఎత్తను. డాక్టరు గారి మాట నాకు ఫోన్లో చెప్పించండి. ఆఫీసు మూసేదాకా ఉంటాను."

*

మీటర్లు గొయ్యిలోంచి జారిపోకుండా మేస్త్రి గుడ్డపీలికలతో కట్టాడు. చెక్కని దుప్పటిలో చుట్టాడు. చుట్టి, కోడలికి అందించబోయాడు.

"ఆయన పిలిచింది మిమ్మల్ని మామయ్యా."

"నేను బస్సులో వస్తాను."

"బస్సు వెళ్ళేసరికి ఆఫీసు మూసేస్తారని చెప్పు," అంది అనౌన్సరమ్మ. అప్పటికే స్టీరింగు ముందు కూర్చుంది.

మేస్త్రి బండి పక్కన నిలబడ్డాడు. సీటు ఆయన మోకాళ్ళ కిందకి ఉంది. "కాలు పెట్టనని ఒట్టేశాను కదా," అన్నాడు, ఎవరైనా తోవ చెప్తారేమోనన్నట్టు.

"కాలు తరవాత పెట్టండి మామయ్యా," అంది కోడలు. "ముందు కూర్చోండి. ఇలాంటి బండిలో అందరూ అలాగే కూర్చుంటారు. ఒట్టు కాలికి, సీటుకి కాదు."

మేస్త్రి నడుం పట్టుకుని, మెల్లగా, వెనక్కి కూలబడినట్టు సీట్లోకి దిగాడు. కాళ్ళు ఇంకా బయటే ఉన్నాయి. కాసేపు వాటి వైపు చూసుకున్నాడు. తరవాత ఎవరివో కాళ్ళలా ఒక్కొక్కటే ఎత్తి లోపల పెట్టుకున్నాడు. అనౌన్సరమ్మ అటు తిరిగి అద్దం సరిచేసుకుంటోంది. అద్దంలో ఆవిడ పెదవులు బిగించుకుని ఉన్నాయి. అది కోపం కాదని కోడలికి తెలిసింది.

ఇంజను అందుకుంది. ఆ చప్పుడు గొప్పలు పోయేది కాదు. లోతైన బావిలో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు, కింద మొదలై పైకి వచ్చింది. వీధిలో పిట్టగోడల మీద తలలు లేచాయి. కూరగాయల కొట్టాయన తక్కెడ చేతిలో పట్టుకుని మర్చిపోయాడు.

ఇద్దరూ మలుపు తిరిగేదాకా కోడలు గేటు దగ్గరే ఉంది. ఆ రెండు తలల వెనక ఇంకొకరికి చోటు లేదు. ఇన్నాళ్ళ తరవాత వాళ్ళ మధ్య తను లేదు. హాయిగానూ ఉంది, చెయ్యి ఖాళీ అయిపోయినట్టూ ఉంది.

*

ఊరు దాటేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.

ముసురు విడిచింది. తడిసిన రోడ్డు మీద ఆకాశం పరుచుకుని ఉంది. ఇంత కిందుగా కూర్చుంటే రోడ్డు పక్కనుంచి కాదు, ఒళ్ళోంచి పోతున్నట్టుంది. మేస్త్రి ఒళ్ళో చెక్క, చెక్క మీద రెండు చేతులు. కంటికొసనుంచి భార్య చేతిని చూస్తున్నాడు. మలుపు వచ్చేముందే ఆ చెయ్యి గేరు మీదకి వెళ్తోంది. కుదుపు లేదు, తొందర లేదు. ఇంజను ఒక మెట్టు దిగి, మలుపు తిరిగాక మళ్ళీ మెట్టెక్కుతోంది. బాగా తెలిసిన పని చేసేటప్పుడు చేతికి వచ్చే ఆ తీరు ఆయనకి తెలుసు. తన చేతుల్లో చూసుకున్నాడు. ఈవిడ చేతుల్లో ఉంటుందని అనుకోలేదు.

"నువ్వింత బాగా నడుపుతావని నాకు తెలీదు," అన్నాడు.

అది నేరుగా అన్నమాట. గాలి దాన్ని తీసుకుపోతుందేమోనని ఆయనకి భయం వేసింది.

"స్టేషన్లో పార్సిలు వ్యాను డ్రైవరు సెలవు పెట్టినప్పుడల్లా నేనే తీసేదాన్ని," అంది. "మీకు చెప్పాను. మీరప్పుడు ఎవరిదో బీరువా గురించి ఆలోచిస్తున్నారు."

"అయ్యుంటుంది." కొంత దూరం పోయాక, "ఈ బండి సంగతి ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్తే వద్దనేవారు. వద్దంటే మానేసేదాన్ని. మానేసి, చచ్చేదాకా మిమ్మల్ని సాధించేదాన్ని. ఏది నయం?"

మేస్త్రి ఆలోచించాడు. "సాధించడం ఇప్పుడూ తప్పలేదుగా."

ఆవిడ నవ్వింది. ఎన్నో రోజులకి ఆ నవ్వు. రోడ్డు మీంచి చూపు తియ్యకుండానే అంది, "రెండో సీటు ఎవరికి అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరికో చెప్పుకోవాల్సి వచ్చినందుకు కాదు. మీకు తెలియనందుకు."

మేస్త్రి దుప్పటి కొస సరిచేశాడు. కాళ్ళు కొంచెం ముందుకి, సుఖంగా, చాపుకున్నాడు.

*

పశువుల డాక్టరు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఇంజను ఆపకముందే లేచి నిలబడ్డాడు. "మూడో గేరులోంచి రెండుకి బాగా దించారు," అన్నాడు పలకరింపు బదులు.

ఆయన ఎదటివాళ్ళ మొహం వైపు చూడడు. కొంచెం పక్కకి చూస్తాడు. చూపు నడిమధ్యలో మసక, అంచులు మాత్రమే మిగిలాయి.

మేస్త్రి దుప్పటి విప్పాడు. డాక్టరు వేళ్ళు చెక్క మీద ఒక కొసనుంచి ఇంకో కొసకి నెమ్మదిగా పాకాయి. సుడి దగ్గర ఆగాయి. వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి.

"ఇది నా బండిదో కాదో తెలియడం లేదు," అన్నాడు.

అనౌన్సరమ్మ మొగుడి భుజం పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆవిడకి తెలీదు.

"నా బొటనవేలికి ఇక్కడొక పగులు తగిలేది," అన్నాడు డాక్టరు. "దూడ పుట్టడం కష్టమైన చోటికి వెళ్ళేటప్పుడు, దారంతా దాన్నే రుద్దుకుంటూ పోయేవాణ్ణి. అది లేదు."

"అది వార్నిషులో పగులండీ. చెక్కది కాదు. నేనే తీసేశాను." అన్నాడు మేస్త్రి. "తెలిసుంటే ఒక్క గీత కూడా ముట్టుకునేవాణ్ణి కాదు."

డాక్టరు మేస్త్రి చెయ్యి వెతికి పట్టుకుని, అరచేతి మీద తన వేళ్ళు నడిపించాడు. బిగుసుకున్న కాయల్ని, గోళ్ళలో ఇంకిపోయిన రంగుని తడిమాడు. "అబద్ధం చెప్పే చెయ్యి కాదు ఇది," అన్నాడు. "కానీ నీ మాట నేను సాక్ష్యంగా చెప్పలేను. నాకు తెలిసిందే చెప్పాలి." బండి ఉన్న వైపు తిరిగాడు. "దాన్ని దాని చోట బిగించు. నన్ను కూర్చోబెట్టండి. బండి పోతున్నప్పుడు అది ఎలా వణుకుతుందో నాకు బాగా తెలుసు. అదే అయితే అప్పుడు చెప్తాను."

మేస్త్రి చెక్కని గొయ్యిలోకి జరిపాడు. స్క్రూల కన్నాలన్నీ వాటి చోట్లకి వచ్చి కూర్చున్నాయి. ఆయన చేతులు స్క్రూలు బిగిస్తున్నంతసేపూ అనౌన్సరమ్మ వాటినే చూస్తోంది.

మిగిలింది రెండు సీట్లు. ముగ్గురు మనుషులు.

"మీరు వెళ్ళండి," అన్నాడు మేస్త్రి పక్కకి జరిగి. ఇంతకుముందే దొరికిన చోటు. కూర్చున్న వెచ్చదనం ఇంకా ఆరి ఉండదు. భార్య తన ఫోను ఆయన చేతికిచ్చింది. "సర్వేయరు గారు చేస్తే, వస్తున్నామని చెప్పండి," అంది. "వెంటనే వచ్చేస్తాను. వెంటనే వచ్చేస్తాను." ఆ చివరి మాట అవసరం కంటే ఒకసారి ఎక్కువ చెప్పింది.

డాక్టరు తడుముకుంటూ సీట్లోకి దిగాడు. "నేనెప్పుడూ ఈ పక్కన కూర్చోలేదమ్మా," అంటున్నాడు. "ఇక్కణ్ణుంచి నాకేం తెలుస్తుంది?"

బండి కదిలింది. తిన్నని రోడ్డు, రెండు పక్కలా తడిసిన చేలు, ఎదురుగా దిగుతున్న పొద్దు. ఆ వెలుతురులో ఆకుపచ్చ కరిగి బంగారమైంది. మేస్త్రి గేటు దగ్గర నిలబడి చూశాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాన్ని తాబేలు అని వెక్కిరించాడు. దూరం నుంచి, నడుస్తుండగా, ఇంత సొగసుగా ఉంటుందని ఆయనకి తెలీదు. లోపల కూర్చున్నవాళ్ళకి ఇది కనపడదు. గేటు దగ్గర మిగిలిపోయినవాళ్ళకే కనపడుతుంది.

దూరంగా, రోడ్డు కొసన, బండి ఆగింది.

వెనక్కి తిప్పుతారనుకున్నాడు. తిప్పలేదు. రెండు తలుపులూ తెరుచుకున్నాయి. అనౌన్సరమ్మ దిగింది. అటుపక్క నుంచి డాక్టరు దిగాడు. ఒక చెయ్యి బండి ఒంటి మీద ఆనించి, దాని ముక్కు మీదుగా, దీపాల మీదుగా తడుముకుంటూ ముందునుంచి చుట్టి వస్తున్నాడు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఒక్క క్షణం ఇద్దరూ అక్కడే ఆగారు. ఆవిడ గేటు వైపు చూసినట్టనిపించింది. తరవాత డాక్టరు స్టీరింగు వైపు దిగి కూర్చున్నాడు. ఆవిడ పక్క సీటు వైపు వెళ్ళింది.

"వద్దు," అన్నాడు మేస్త్రి. చేలకి తప్ప ఎవరికీ వినపడలేదు.

చేతిలో ఫోను మోగింది. "హలో," అన్నాడు.

"మేస్త్రి గారేనా? ఆఫీసు మూసేస్తున్నామండీ. ఏమన్నారు డాక్టరు గారు?"

"ఇంకా చెప్పలేదు. చూస్తున్నారు."

"ఇంజను చప్పుడు వినపడుతోంది. మేడమ్ నడుపుతున్నారా?"

అవునంటే అబద్ధం, కాదంటే పాలసీ పోతుంది. ఇన్ని చెక్కలు నున్నగా చేసిన మనిషికి ఒక్క మాట నున్నగా చెయ్యడం రాలేదు. ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. బండి తిరిగింది. చక్కగా, తొణక్కుండా, మూడో గేరు అందుకుని, నడిరోడ్డు మీద ఆయన వైపే వస్తోంది.

"మేస్త్రి గారూ, ఉన్నారా?"